ఆలస్యంగా దొర్లిన నిమ్మకాయ

“నేను కన్నానంతే వదినా. దాన్ని కాపాడింది నువ్వు.”

“ఊరుకో అమ్మీ, నేనేం జేసినా? నోరు ఎండిపోయుండాది, ఈ రెండు గుక్కలు తాగు.”

నాకూ నా ఆడబిడ్డకూ మధ్య నడిచిన ఆఖరి మాటలు ఇవి. నెల్లూరు ఆసుపత్రిలో, కిటికీ పక్కన మంచం మీద. రెండు గుక్కలు తాగింది, అటు తిరిగి పడుకుంది, దీపాలు పెట్టే వేళకు పోయింది. నాలుగేళ్ళయింది. ఆమె మా ఆయనకు ఒక్కగానొక్క చెల్లెలు. ఇది రాస్తున్న నీకు కన్నతల్లి.

ఆగకు, రాయి. అమ్మ మాట వస్తే నీ చెయ్యి ఆగుతుందని తెలిసే ముందుగా ఆ మాటే చెప్పేశాను.

నీతో ఎందుకు రాయిస్తున్నానో కూడా చెబుతాను. నోటితో చెబితే మధ్యలో నువ్వు “పోనీలే అత్తా” అంటావు. రాస్తున్నంతసేపు ఆ మాట అనడానికి నీకు తీరిక ఉండదు. ఇంకొకటి, నోటిమాటైతే రేపు పొద్దున నేనే కాదంటాను. ముప్పై ఏళ్ళకు పైగా నా నోటితో నేను వేగుతున్నాను, దాని సంగతి నాకు తెలుసు. కాగితం మీద పడితే కాదనలేను. నాకు సంతకం చెయ్యడం వచ్చు, బస్సు బోర్డు కూడబలుక్కుని చదవడం వచ్చు. అంతకు మించి రాదు. అందుకని నువ్వే రాయాలి. వేరే ఎవరి చేతనైనా రాయించి నీకు ఇవ్వొచ్చు కదా అంటే, అది మళ్ళీ తలుపు చాటు నుంచి చెప్పినట్టే. తలుపు చాటు బతుకు చాలు నాకు.

ఇంతకీ నేను చెప్పబోయేది నీ లగ్నం గురించి.

మా ఇళ్ళలో కాన్పు గదిలోకి మగవాళ్ళు రారు. బిడ్డ లోపల పుడుతుంది, గడియారం బయట ఉంటుంది. రెండింటికీ మధ్య ఒక నిమ్మకాయ. బిడ్డ తల కనపడగానే లోపల ఉన్న ఆడమనిషి తలుపు కింది సందులోంచి నిమ్మకాయను బయటికి దొర్లిస్తుంది. బయట కూర్చున్న పెద్దాయన అది కంటపడగానే టైం చూసి రాసుకుంటాడు. నోటితో అరిచి చెబితే చాలదా అనొచ్చు. కాన్పు గదిలో అరుపులకు ఏం తక్కువ? ఏ అరుపు దేనికో బయటివాళ్ళకు ఏం తెలుస్తుంది? నిమ్మకాయ అయితే ఒక్కటే దొర్లుతుంది, ఒక్కసారే దొర్లుతుంది.

ఆ నిమిషాన తూర్పున ఏ రాశి పైకి లేస్తూ ఉంటుందో అదే బిడ్డ లగ్నం. చంద్రుడు ఉండే రాశి రెండు రోజులకు పైగా ఒకటే ఉంటుంది. లగ్నం అట్లా కాదు, రెండు గంటలు తిరిగేసరికి మారిపోతుంది. అది మారితే ఏ గ్రహం ఏ ఇంట్లో ఉందో ఆ లెక్కంతా మారిపోతుంది. ఇవన్నీ అప్పట్లో నాకు తెలియవు. తర్వాత తెలుసుకున్నాను. తెలుసుకోక తప్పలేదు.

మీ అమ్మ తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. అంటే నా అత్తింటికి, కోవూరు అవతల మనం ఇప్పుడు కూర్చున్న ఈ ఇంటికే. అప్పుడు ఈ మిద్దె లేదు, రేకుల ఇల్లు. మా అత్త పోయి చాలా కాలమైంది. ఇంట్లో ఆడదిక్కు నేనొక్కదాన్నే. అదే ఏడు వేసవిలో నాకు బిడ్డ పుట్టి పోయింది. పుట్టి పోవడం కూడా కాదు, పోయే పుట్టింది. ఏడవలేదు, కళ్ళు తెరవలేదు. తలనిండా జుట్టు మాత్రం ఉండింది. నన్ను చూడడానికి వచ్చిన మీ అమ్మ పక్కన కూర్చుని, “పోనీలే వదినా, మళ్ళీ పుడతార్లే” అంది. అప్పటికి ఆమె మూడో నెల. వాంతులతో ముఖం పీక్కుపోయి ఉంది. మంచి మనసుతోనే అంది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. ఆ మాట నా లోపల ఎక్కడో ఇరుక్కుంది, ముల్లు లాగా.

నవంబరు వానల్లో మీ అమ్మకు నొప్పులు వచ్చాయి. ఊరి బయట తూము మీద నీళ్ళు పారుతున్నాయి, బస్సు రాలేదు. మంత్రసానిని పిలిపించారు. మా మామ, అంటే మీ తాత, వసారాలో కుర్చీ వేసుకుని, చేతి గడియారాన్ని పొద్దున రేడియో టైముకు సరిచేసుకుని, పుస్తకం, పెన్సిలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. పక్కన మీ మామ, అదే మా ఆయన. నిమ్మకాయ ఎవరి చేతికివ్వాలన్న దగ్గర మంత్రసాని అడ్డం చెప్పింది.

“మొన్నే కడుపు పోగొట్టుకున్న పిల్ల చేతికా? ఇంకెవురన్నా ముత్తైదువను పిలిపించండి సామీ. పిల్లలు గల్లోళ్ళు లేరా ఊళ్ళో?”

నేను తల వంచుకున్నాను. మీ అమ్మ నొప్పుల మధ్యనే కసిరింది.

“మా వదిన చేతికే ఇయ్యండి. ఇంకెవురూ నా గదిలోకి రాబళ్ళే.”

అట్లా నిమ్మకాయ నా చేతికి వచ్చింది.

మధ్యాహ్నం దాటింది. రేకుల మీద వాన ఎట్లా పడుతుందో నీకు తెలియదు, నువ్వు మిద్దెలోనే పెరిగావు. ఒకరి మాట ఒకరికి వినపడదు. మంత్రసాని నోరు కదలడం చూసి ఏమంటుందో తెలుసుకోవాల్సి వచ్చింది. తల కనపడింది. నల్లటి జుట్టు, తడిసి అంటుకుని ఉంది. నేను చూశాను. చెయ్యి ముందుకు చాచాను కూడా. అప్పుడే మంత్రసాని ముఖం మారిపోయింది. మెడకు పేగు చుట్టుకుని ఉంది. నువ్వు బయటికి వచ్చావు గానీ కదల్లేదు. నీలం తిరిగిన ఒళ్ళు, వేళ్ళాడిన చేతులు. మొన్న వేసవిలో నేను చూసిన బిడ్డే మళ్ళీ వచ్చినట్టు ఉంది.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా రాయి. ఒక్క మాట వదలొద్దు.

నువ్వు చచ్చిపోయావనుకున్నాను. చచ్చిన బిడ్డకు లగ్నం ఎందుకు, నిమ్మకాయ ఎందుకు అనుకున్నాను. నా బిడ్డకు కూడా నిమ్మకాయ దొర్లించబోయి ఆపేశారు మరి. గుప్పిట మూసుకున్నాను. అక్కడితో ఆగితే నేను ఇది రాయించేదాన్ని కాదు. పొరపాటు అనేసి ఊరుకునేదాన్ని. కానీ ఆ గుప్పిట మూసినప్పుడు నా లోపల ఏదో చల్లబడింది. మండే కడుపు మీద తడిబట్ట వేసినట్టు. “ఇప్పుడు తెలుస్తుంది దీనికి” అనుకున్నాను. “పోనీలే అమ్మీ, మళ్ళీ పుడతార్లే” అని నేను అనబోయే మాట నోట్లో సిద్ధం చేసుకున్నాను. ఏ గొంతుతో అనాలో కూడా అనుకున్నాను.

మంత్రసాని పేగు విడదీసింది. బొడ్డు కోసింది. కాళ్ళు పట్టుకుని తలకిందులు చేసి వీపు మీద చరిచింది. నోట్లో వేలు పెట్టి తుడిచింది. చన్నీళ్ళు చిలకరించింది. మళ్ళీ చరిచింది. అంతసేపూ నేను నిలబడి ఉన్నాను. మీ అమ్మ నా ముఖంలోకే చూస్తోంది, బిడ్డ ముఖం ఆమెకు కనపడదు గనక. ఎంతసేపో నాకు తెలియదు. ఒకసారి తలుచుకుంటే ఐదు నిమిషాలు అనిపిస్తుంది, ఒకసారి పావుగంట.

అప్పుడు ఏడ్చావు. పిల్లి కూన గొంతు. నేను ఉలిక్కిపడి వంగి నిమ్మకాయను తలుపు కింద తోశాను.

బయట మా మామ దాన్ని పట్టుకుని చూసి ఏమన్నాడో మీ మామ తర్వాత చెప్పి నవ్వాడు. “ఏందిరా ఇది, నీ పెండ్లాం నిమ్మకాయను రసం తీసి పంపించిందే!” అన్నాడంట. గోళ్ళ గాట్లు పడి, తోలు చిట్లి ఉండిందంట అది. తలుపు తీశాక మా మామ నన్ను ఒక్క మాట అడిగాడు.

“తల అగుపడంగానే ఏసినావు గదమ్మా?”

“ఆఁ మామా.”

ఇంతే. ఒక్క అక్షరం. నిన్ను పొత్తిళ్ళలో చుట్టి మీ అమ్మ పక్కన పెడుతున్నాను, ఆ సందడిలో ఒక్క అక్షరం అన్నాను. ఒకటీ నలభై రెండు అని పుస్తకంలో పడింది.

పదకొండో నాడు సిద్ధాంతి వచ్చాడు. మా మామకు స్నేహితుడు, మంచి మనిషి. ఆయన లెక్కలు వేస్తుంటే నేను మజ్జిగ గ్లాసు పట్టుకుని తలుపు వెనక నిలబడ్డాను.

“మీన లగ్నం పడిందయ్యా. అప్పుడప్పుడే పడింది, ఏడు నిమిషాలు కూడా కాలా. చంద్రుడు ఎనిమిదో ఇంట్లో పడినాడు. శని చూపు గూడా ఉండాది. నీళ్ళ గండం. పెద్ద నీళ్ళ కాడ, ఉప్పు నీళ్ళ కాడ జాగ్రత్త. పన్నెండేళ్ళు నిండిందాకా మరీ జాగ్రత్త.”

“ఏడు నిమిషాలు ముందు పుట్టుంటే?” అని మా మామ అడిగాడు.

“ముందైతే కుంభం. చంద్రుడు తొమ్మిదో ఇంట పడేవాడు, భాగ్యస్థానం. ఈ గండం ఊసే లేదు. అయినా నిమ్మకాయ పడింది ఇప్పుడు గదా, ఆ మాట అనుకోని ఏం లాభం?”

మజ్జిగ గ్లాసు అక్కడే గూట్లో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఆ రోజు చెప్పి ఉంటే తిట్లతో పోయేది. కొట్టినా రెండు దెబ్బలతో పోయేది. ఏడు నిమిషాలు నేను ఆపానని చెప్పొచ్చు. ఎందుకు ఆపావని అడిగితే? దానికి జవాబు నా దగ్గర ఉంది. అది పైకి చెప్పేది కాదు.

మీ నాన్నది తోటపల్లి గూడూరు దగ్గర, సముద్రానికి మైలున్నర. ఇంటి వెనక ఉప్పు కాలువ, ఇంటి ముందు రొయ్యల గుంటలు. ఎటు చూసినా నీళ్ళే. రెండేళ్ళకు పైగా మీ అమ్మ నిన్ను చంకలోంచి దింపలేదు. నీకు మూడో ఏడు నడుస్తున్నప్పుడు గుంట గట్టు మీద ఎవరో నిన్ను ఒక్క నిమిషం దించారు. నువ్వు జారి మోకాళ్ళ లోతుకు పోయావు. పక్కనే ఉన్న మనిషి జుట్టు పట్టి లాగేశాడు. గుటక నీళ్ళు కూడా తాగలేదు నువ్వు. ఏ పిల్లైనా జారుతుంది ఆ గట్ల మీద, తడి మట్టి అది. కానీ జాతకంలో రాసి ఉంది కదా. మరుసటి ఆదివారం మీ అమ్మ నిన్నూ, నీ గౌన్ల సంచినీ తెచ్చి నా ముందు పెట్టింది.

“పన్నెండు నిండిందాకా నీ కాడే ఉంచుకో వదినా. ఈడ మంచినీళ్ళ కాలవే గదా. నువ్వైతే కంట్లో పెట్టుకోని చూస్తావు.”

ఆ వేసవి తర్వాత నా కడుపు పండలేదు. నువ్వు నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని నిలబడ్డావు. మీ అమ్మ బస్సెక్కేదాకా ఏడవలేదు, బస్సు కదిలాక కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపుతూనే ఉంది. నేను ఊపలేదు. నా రెండు చేతులూ నిన్ను ఎత్తుకోవడానికి సరిపోయాయి.

సంతోషించాను. రాయి. ఎవరికో రావలసిన బిడ్డ నా ఒళ్ళోకి వచ్చిందని తెలుసు. ఎట్లా వచ్చిందో కూడా తెలుసు. అయినా సంతోషించాను.

ప్రతి ఆదివారం మీ అమ్మ వచ్చేది. రెండు బస్సులు మారి వచ్చేది. కాగితంలో ఎండు రొయ్యలు, నీకు రిబ్బను ముక్క. రాగానే నిన్ను ముందు కూర్చోబెట్టుకుని, పొద్దున నేను వేసిన జడ విప్పి, నూనె రాసి, మళ్ళీ తను వేసేది. అప్పుడే కదా వేశాను, మళ్ళీ ఎందుకు అని నాకు ఉక్రోషంగా ఉండేది. ఒకసారి, నీకు ఐదో ఆరో ఏళ్ళు, నువ్వే అన్నావు.

“అమ్మా, విప్పొద్దు. నువ్వు వదులుగా ఏస్తావు, బళ్ళో ఊడిపోతాది. అత్తే బాగా ఏస్తాది.”

మీ అమ్మ చేతులు అట్లాగే నీ తల మీద ఆగిపోయాయి. తర్వాత నవ్వి, “అవునే, మీ అత్త చేతిలో గట్టితనం ఉండాది” అంది. ఆ ఆదివారం నుంచి జడ విప్పలేదు. ఊరికే వీపు నిమిరేది. సాయంత్రం బస్సు దగ్గర నువ్వు ఆమెతో, “మళ్ళీ వారం తప్పకుండా రా అమ్మా” అనేదానివి, చుట్టాన్ని సాగనంపినట్టు. నేను పక్కన నిలబడి వినేదాన్ని.

నీకు ఏడేళ్ళప్పుడు మీ మామకు చెప్పాను. పొలానికి మందు కొట్టి వచ్చి తొట్టి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాడు. మనసులో ఉన్న మాట కాదు, నిమ్మకాయ ఆలస్యం అయిన మాట వరకే చెప్పాను. ఆయన చెంబు తొట్టి గట్టు మీద పెట్టాడు.

“ఎంతసేపు?”

“తెలీదు. బొడ్డు కోసిందాకా.”

“మా నాయన ఉండంగా చెప్పుంటే సరిపోయేది. ఇప్పుడు చెప్తే నా చెల్లెలు రేపే వచ్చి బిడ్డను తీసకపోతాది. నువ్వు ఉండగలవా?”

“నువ్వు ఉండగలవా?”

ఆయన కడిగిన కాళ్ళే మళ్ళీ కడుక్కున్నాడు. ఆ మాట మా ఇద్దరి మధ్య మళ్ళీ రాలేదు. రెండేళ్ళ కిందట ఆయన పోయేదాకా రాలేదు. ఆయన మీద నేను చాడీ చెప్పడం లేదు. నిన్ను సైకిలు ముందు కూర్చోబెట్టుకుని బడికి తీసుకుపోయిన మనిషి ఆయన. ఆశపడ్డాడు. నా ఆశ దాన్లో కలిసింది.

నువ్వు ఆరో తరగతిలో ఉండగా బడి పిల్లలందరినీ సముద్రానికి తీసుకుపోయారు. నేను పంపనంటే నువ్వు రెండు పూటలు అన్నం ముట్టలేదు. చివరికి బస్సు దిగకూడదని టీచరమ్మతో మాట తీసుకుని పంపించాను. సాయంత్రం వచ్చాక ఎట్లా ఉందే అని అడిగాను.

“బస్సులో కూర్చోని అందరి ఇడ్లీలకీ కాపలా కాసినా అత్తా. ఒక్క ఇడ్లీ గూడా మునిగిపోలా.”

నేను నవ్వాను. నువ్వు నవ్వలేదు. “సముద్రం బో మోత చేస్తాది గదా, అద్దాలు మూసినా లోపలికి వస్తాది” అన్నావు. నేను చెప్పడానికి అదొక మంచి సమయం. అట్లాంటి మంచి సమయాలు ఎన్ని పోగొట్టుకున్నానో నేను లెక్కపెట్టడం మానేశాను.

అసలు పాపం ఇంకా ముందుంది. గుప్పిట మూసుకున్నది ఒక్క గడియ. ఇది తెలిసి, ఆలోచించి చేసింది.

నీకు పన్నెండు నిండాయి. ఆ పై వేసవి సెలవుల్లో మీ అమ్మ వచ్చింది, ఈసారి ఎండు రొయ్యలు లేవు, ఖాళీ సంచి ఉంది.

“గండం దాటింది గదా వదినా. బళ్ళు తెరిచేలోపల తీసకపోతా. ఎదిగే ఈడు పిల్ల, నా దగ్గర ఉంటే మంచిది.”

“ఒక్క వారం ఆగు అమ్మీ. ఎందుకైనా మంచిది, నెల్లూరులో పెద్ద సిద్ధాంతి ఉండాడంట, ఆయనకు ఒకసారి చూపించి పంపిస్తా” అన్నాను.

జాతకం చీర కొంగులో చుట్టుకుని ఒక్కదాన్నే నెల్లూరు వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో దాచను. గండం ఇంకా ఉందని ఎవరైనా చెబితే బాగుండునని వెళ్ళాను. ఆయన ముసలాయన, కళ్ళజోడు దారంతో కట్టుకున్నాడు. తెలియని మనిషి గనక అడిగేశాను. నిమ్మకాయ ఆలస్యంగా పడితే ఏమవుతుంది స్వామీ అని. ఆయన నన్ను ఒకసారి పైకి చూసి, మళ్ళీ కాగితంలోకి చూశాడు.

“ఏది పుట్టుకమ్మా? తల కనపడటం అనేవాళ్ళు కొందరు. నేల తాకడం అనేవాళ్ళు కొందరు. మా గురువుగారైతే తొలి ఏడుపే పట్టుకునేవాడు. ఊపిరి లేనిదే జాతకం ఎట్టా?”

“ఏడ్చినప్పుడే పడింది స్వామీ నిమ్మకాయ. సరిగ్గా అప్పుడే.”

“అట్టైతే నీ నిమ్మకాయ సరైన టైముకే పడింది. దిగులు దేనికి?”

నా కళ్ళలో నీళ్ళు వచ్చాయి. పన్నెండేళ్ళ బరువు దిగిందనుకున్నాను. అంటే మీన లగ్నమే, గండం నిజమే, నా తప్పేం లేదు. లేచాను. గుమ్మం దాటుతుంటే ఆయన వెనక నుంచి పిలిచాడు.

“ఇదిగో అమ్మా, పన్నెండు నిండినాయి గదా. ఇంక ఆ పిల్లకు ఈత నేర్పించండి. గండం ఉన్నా లేకపోయినా ఈత మంచిదే. మునిగేవాడికి లగ్నం చెయ్యి ఇయ్యదు.”

చెప్పి తనే నవ్వుకున్నాడు.

ఇంటికి వచ్చి మీ అమ్మకు ఏం చెప్పానో తెలుసా? “పెద్దాయన చూసినాడు అమ్మీ. లగ్నం కరెక్టేనంట. గండం ఉండేది నిజమేనంట” అన్నాను. ఈ రెండూ అబద్ధాలు కావు, ఒక రకంగా. పన్నెండు నిండాయన్న మాట వదిలేశాను. ఈత మాట వదిలేశాను. మీ అమ్మ సంచిలో ఒక్కొక్కటే సర్దుతున్న నీ గౌన్లు మళ్ళీ తీసి దండెం మీద వేసింది. “పదో తరగతి దాకా ఉండనీలే అయితే” అంది. పదో తరగతి తర్వాత ఇంటరు, ఇంటరు తర్వాత డిగ్రీ, అన్నీ ఇక్కడి నుంచే. నీ పెళ్ళికి కూడా నిన్ను పెళ్ళికూతుర్ని చేసింది ఈ ఇంట్లోనే. మీ అమ్మ ఆ రోజు వంటవాళ్ళ దగ్గర నిలబడి వచ్చిన చుట్టాలకు ఆకులు వేయించింది. తన కూతురి పెళ్ళిలో పనులు చూసే మనిషి అయింది.

ఆసుపత్రిలో ఆ సాయంత్రం ఆమె నాతో, దాన్ని కాపాడింది నువ్వు అన్నప్పుడు చెప్పాల్సింది. పోయే మనిషికి చెప్పి ఏం బాధపెడతాం అని ఎవరైనా అంటారు. నేను కూడా అదే అనుకున్నాను. నిజం ఏంటంటే ఆమె ముఖం మారడం నేను చూడలేను. కాన్పు నాడు బిడ్డ బతికిందా అని నా ముఖంలోకి చూసిన ముఖం అది. అందుకని నీళ్ళు తాగించి నోరు మూశాను. ఆమె నోరూ, నా నోరూ.

మొన్న గురువారం నువ్వు ఫోనులో చెప్పావు. నువ్వు చేసే ల్యాబుకు రొయ్యల గుంటల నీళ్ళు సీసాల్లో వస్తాయి, నువ్వు పరీక్ష చేసి ఏ గుంటలో ఏ తెగులుందో చెబుతావు. ఇప్పుడు నిన్నే గుంటల మీదికి పొమ్మంటున్నారు, పెద్ద పని, నీ కింద నలుగురు ఉంటారు. గుంట మధ్య దాకా వేసిన బల్ల మీద నడవాలి, తెప్ప ఎక్కాలి. సోమవారం లోపల ఏదో ఒకటి చెప్పాలి.

“వద్దని చెప్పేస్తా అత్తా. నాకు గండం గదా. నీళ్ళతోనే బతుకుతుండా, అయినా నీళ్ళను సీసాలో తప్ప చూసిందే లేదు. నా కర్మ చూడు” అని నవ్వావు.

“మంచి పని జేసినావు తల్లీ” అన్నాను నేను. ఫోను పెట్టేశాక చూసుకుంటే, ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో తెలిసింది. నోరు దానంతట అదే చెప్పేసింది. ఇంతకాలం అలవాటు పడింది కదా. ఆ రోజు నుంచి అన్నం సయించడం లేదు. ఆదివారం రా, కాగితాలు, పెన్ను తెచ్చుకో అని నిన్ను పిలిపించింది అందుకే.

నీ లగ్నం మీనమో కుంభమో నాకు తెలియదు. ఇప్పుడు ఎవరికీ తెలియదు. తల కనపడినప్పుడు గడియారం ఎవరూ చూడలేదు. ఏడుపే లెక్క అంటే గండం ఉంది, తలే లెక్క అంటే లేదు. గండం లేదని చెప్పి నిన్ను గుంటల మీదికి పంపించే హక్కు నాకు లేదు. ఉందని చెప్పి ఇంట్లో కూర్చోబెట్టే హక్కు అంతకన్నా లేదు. సోమవారం నువ్వు ఏం చెబుతావో నీ ఇష్టం. నన్ను అడగొద్దు. ఇంక ఏ విషయమూ నన్ను అడగకు. ఈత మాత్రం నేర్చుకో. నీ వయసుకు నేర్చుకుంటే నవ్వుతారనుకోకు. ఇది నా మాట కాదు, ఆ ముసలాయన నీకు పంపించిన మాట. పంతొమ్మిదేళ్ళు నా దగ్గరే ఉండిపోయింది.

మీ అమ్మ దగ్గర నువ్వు పెరగాల్సిన ఏళ్ళు నేను తిన్నాను. ఆ ఏళ్ళు నాకు చాలా బాగున్నాయి. ఇట్లా చెబుతుంటే సిగ్గేస్తోంది, కానీ బాగోలేదని రాయిస్తే అదొక కొత్త అబద్ధం అవుతుంది. నువ్వు ఇంక నన్ను అత్తా అని పిలవకపోయినా నాకు అడిగే ముఖం లేదు. ఆదివారం ఆదివారం వస్తావో రావో అది కూడా చెప్పొద్దు ఇప్పుడు.

పెన్ను ఇంకా కింద పెట్టకు. ఇంకొక్కటి. గుప్పిట మూసుకున్నాక నేను మనసులో ఏమనుకున్నానో చెప్పిన చోట నీ చెయ్యి కదలడం నేను చూడలేదు. నువ్వు ఆ మాటలు రాశావో, మీ అత్త మీద జాలిపడి వదిలేశావో, రాసి మెత్తగా మార్చావో, చూసి తెలుసుకునే చదువు నాకు లేదు. అందుకని మొదటి నుంచి చదువు. మీ అమ్మ అన్న మాట దగ్గర నుంచి. నిదానంగా, నీ గొంతుతో చదువు. వదిలేసి ఉంటే అక్కడ ఆగి, రాసి, మళ్ళీ చదువు. నేను వింటాను.